దీపాలు వెలగని ఊళ్లో పుణ్యవతి సెలవు

పుణ్యవతికి నెలకి రెండు ఆదివారాలు సెలవు. తెల్లాపూర్‌లో ఆ ఇరవై రెండంతస్తుల గేటెడ్ కమ్యూనిటీలో పనిచేసే ఆడవాళ్లు ఆ మాట విని అసూయపడేవాళ్లు కూడా. కానీ ఆ సెలవు ఎలా ఉంటుందో చెప్పాలి. పొద్దున్నే వచ్చి ఇడ్లీ వేసి, చట్నీ చేసి, పాపకి నీళ్లు పోసి, గిన్నెలు తోమి, పదింటికి సెలవు మొదలుపెట్టాలి. సాయంత్రం కాంపౌండులో వీధిదీపాలు వెలిగేలోపు వచ్చి, రాత్రి వంటకి బీరకాయ చెక్కు తీస్తూ సెలవు ముగించాలి. మధ్యలో బోరబండకి పోయే ఆటోలో గంట, వచ్చే ఆటోలో గంట. మిగిలినదాంట్లో ఇంటి బట్టలు, ఇంటి వంట, ఇంటి నీళ్లు. ఆఫీసుల్లో దీన్ని సగం రోజు సెలవని కూడా ఒప్పుకోరు. పనిమనిషికి మాత్రం దీని పేరు 'లీవ్'.

దీపాల లెక్క పెట్టింది ఆ ఇంటి ఇల్లాలు హరిత. "టైము గియము ఏమీ వద్దులే పుణ్యమ్మా, లైట్లు వెలిగేలోపల వచ్చేయ్" అని పనిలో చేరిన మొదటి నెలలోనే అంది. తను చాలా ఉదారంగా మాట్లాడాననే అనుకుంది పాపం. పుణ్యవతి దగ్గర గడియారం లేదు, ఆ మాట ఆమెకీ బాగానే ఉంది. ఆరేళ్లు. ఒక్కసారి కూడా దీపాలు ఆమెకంటే ముందు రాలేదు. ఎర్రజీరతో మొదటి దీపం మిణుకుమనేసరికి పుణ్యవతి గేటు దగ్గర సెక్యూరిటీ అబ్బాయికి తన ఎంట్రీ నంబరు చెప్తూ ఉండేది. అదొక పంతం ఆమెకి.

హరిత చెడ్డ మనిషి కాదు. ప్రొద్దుటూరు నుంచి వచ్చి హైటెక్ సిటీలో టీమ్ లీడ్ అయింది. అన్నం కలుపుకుంటూ కూడా చెవిలో వైరు తియ్యదు. భర్త యశ్వంత్‌ని కంపెనీ వాళ్లు నార్వేకి మూడు నెలల పనిమీద పంపితే, జూన్‌లో తనూ పాపా వెళ్లి వారం రోజులు తిరిగి రావాలని అనుకుంది. రెండున్నరేళ్ల ఆమనిని పట్టుకుని విమానమెక్కడం తన వల్ల కాదు. పుణ్యవతి దగ్గరేమో ఎప్పుడో కువైట్ పోదామని తీయించి, రెన్యువల్ చేయించి, ఒక్క ముద్ర కూడా పడకుండా ట్రంకు పెట్టెలో ఉంచిన పాస్‌పోర్టు ఉంది.

"వస్తవా పుణ్యమ్మా?" అని హరిత పుణ్యవతి యాసలోనే అడిగింది. అవసరం పడ్డప్పుడు హరితకి తెలంగాణ మాట బాగా వస్తుంది.

"వస్త. కానీ ఒక్క దినం నాది."

"అంటే?"

"అంటే నాదమ్మా. టిఫిన్ చెయ్య. నీళ్లు పొయ్య. గిన్నె ముట్ట. లేసిందే సెలవు. ఇరవై ఏడేండ్లాయె నేను ఈ పట్నమొచ్చి, ఒక్క దినం పొద్దంతా నాదని చెప్పుకోనీకి లేదు. అంత దూరం తోల్కపోయి గూడ వంటింట్ల నిలవెడితే, ఇక్కడి వంటింట్ల నిలవడ్డదానికీ దానికీ ఏం ఫరకు?"

"సరే, ఒక రోజు నీదే. కానీ మామూలే, లైట్లు వెలిగేలోపల రావాల."

"నేనెప్పుడన్న తప్పిన్నా?"

అలా తెల్లాపూర్ వంటింట్లో గ్యాస్ పొయ్యి సాక్షిగా ఒప్పందం అయిపోయింది.

*

వాళ్లు దిగిన ఊరు ట్రోమ్సో. మ్యాపులో నార్వే అంతా దాటి పైకి, ఇంకా పైకి పోతే, ఇక ఊళ్లు లేవేమో అనుకునే చోట ఉంటుంది. ఒకటిన్నర రోజుల ప్రయాణం, మూడు విమానాలు, ఆమని కక్కిన రెండు గౌన్లు. హోటల్లో అడుగుపెట్టగానే, ఎయిర్‌పోర్టులో కలిసిన యశ్వంత్ దుప్పటంత మందం ఉన్న నల్ల పరదాలు లాగేశాడు. అందరూ చీకట్లో మొద్దుల్లా పడి నిద్రపోయారు.

తెల్లారి పుణ్యవతి లేచి, చీర కింద హరిత ఇచ్చిన ఉన్ని పైజామా, పైన హరిత పాత ఎర్ర జాకెట్టు, కాళ్లకి హరిత పాత జాగింగ్ బూట్లు వేసుకుంది. స్టీలు డబ్బాలో హైదరాబాదు నుంచి తెచ్చుకున్న జొన్నరొట్టెలు, పల్లీల పొడి సర్దుకుంది. తలుపు దగ్గరికి చేరిందో లేదో హరిత గొంతు వినబడింది.

"పుణ్యమ్మా, ఇవాళ తిమింగలాల పడవ ఉందంట. చిన్నపిల్లల్ని ఎక్కించుకోరంట. నువ్వు ఇవాళ పాపని చూస్కో, రేపు నువ్వు తీస్కో లీవ్."

ఇళ్లల్లో పనిచేసే మనిషికి బాగా తెలిసిన సంగతి ఒకటుంది. రేపటికి జరిగిన సెలవు ఎల్లుండికి జరుగుతుంది, ఎల్లుండికి అందరూ దాన్ని మర్చిపోతారు. పుణ్యవతి గడప దగ్గరే నిలబడింది.

"పడవ రేపు గూడ ఉంటది గదమ్మా."

"రేపు వానంట!"

"వానల తిరగనీకి నేనేమన్న తిమింగలమా?"

హరితకి కోపమొస్తే ఇంగ్లీషు పోయి ప్రొద్దుటూరు బయటికొస్తుంది. "ఏం మాట్లాడతాండావ్ పుణ్యమ్మా, అంత దూరం నుంచి వస్తిమి, ఒక పూట సర్దుకోలేవా?"

"ఆరేండ్ల సంది సర్దుకున్న. ఇయ్యాల నువ్వు సర్దుకో, మా తల్లివి గద."

ఆమని మంచం మీద నుంచి "పున్నీ, పున్నీ" అని చేతులు చాచింది. పుణ్యవతి మంచం దగ్గరికి వచ్చింది. పిల్లని మెడకి కట్టిన తాడులా వాడుకుంటారని ఆమెకి తెలుసు, అయినా ఆ తాడు ముద్దుగానే ఉంటుంది. బుగ్గ మీద ముద్దుపెట్టి, రెండడుగులు వెనక్కి వేసింది.

"పో, పో" అంది హరిత చివరికి. "లైట్లు వెలిగేలోపల ఉండాల, చెప్తాండా."

కాఫీ తాగుతున్న యశ్వంత్ తలెత్తాడు. ఏదో చెప్పబోయాడు. భార్య మొహం చూశాడు, పుణ్యవతి మొహం చూశాడు. తర్వాత కప్పులోకి చూసుకుంటూ నవ్వుకుని, ఒక కాగితం మీద హోటల్, వంతెన, చర్చి, కొండ మీదికి పోయే తీగబండి బొమ్మలు గీసి, టికెట్టుతో సహా పుణ్యవతి చేతిలో పెట్టాడు.

*

ఆ వంతెన పొడుగ్గా, నడుమ పైకి వంగి ఉంది. కింద సముద్రం కొండల మధ్యకి చొచ్చుకొచ్చి పడుకుని ఉంది. గాలికి చీరకుచ్చిళ్లు జెండాలా కొట్టుకుంటుంటే పుణ్యవతి ఒక చేత్తో చీర, ఒక చేత్తో డబ్బా పట్టుకుని, ఎవరూ లేరని చూసి, వంతెన నడిమధ్యన గట్టిగా "ఓ!" అని అరిచింది. ఎందుకరిచిందో ఆమెకే తెలియదు. తెల్లాపూర్‌లో అరిస్తే అసోసియేషన్ వాళ్ల వాట్సాప్‌లో పడుతుంది, అందుకేమో.

వంతెన దాటాక చర్చి కనబడింది. తెల్లగా, మూడు మూలలుగా, ఇరానీ హోటల్లో సమోసాలని వరసగా నిలబెట్టినట్టుంది. దానికో దండం పెట్టి, కాగితంలో బొమ్మ చూసుకుంటూ తీగబండి స్టేషనుకి చేరింది.

అక్కడ ఒక తమాషా జరిగింది. పెద్ద గాజు డబ్బాలాంటి బండి తీగ మీద దిగి వచ్చింది. జనం ఎక్కారు. టికెట్టు చూసే మనిషి పుణ్యవతిని రమ్మని చెయ్యూపాడు. ఆమె అడ్డంగా తలూపి పక్కకి జరిగింది. బండి పోయింది. ఇంకోటి వచ్చింది. మళ్లీ చెయ్యూపాడు, మళ్లీ పక్కకి జరిగింది. ఆ మనిషి అయోమయంగా చూశాడు. పుణ్యవతి కూడా అటూ ఇటూ, వెనకాలా, మెట్ల కిందా వెతుకుతూనే ఉంది.

"దీదీ, ఇండియా నుంచా?" అని హిందీలో అడిగిందొక ఆడమనిషి. నలభై ఏళ్లుంటాయి, పొట్టిగా, నవ్వుమొహం, భుజాన సంచి. "ఎవరికోసమన్నా చూస్తున్నారా?"

పుణ్యవతికి ప్రాణం లేచొచ్చింది. బోరబండ హిందీలో అడిగింది. "బండి కోసం చూస్తున్న. పనోళ్లు ఎక్కే బండి ఎటు దిక్కు వస్తది?"

"పనోళ్ల బండి ఏంటి?"

"గదే, సామాన్లకు, పనోళ్లకు వేరే లిఫ్టు ఉంటది గద. మా దగ్గర మూడు లిఫ్టులుంటయ్. రెండు ఇండ్లోళ్లకు. ఒకటి మాకూ కుక్కలకూ."

ఆమెకి అర్థమవడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, తర్వాత ఎందుకో నవ్వడం ఆపేసింది. "ఒకటే బండి దీదీ. ఈ దేశం రాజుగారొచ్చినా ఇదే ఎక్కాలి. రండి."

ఆమె పేరు దిల్‌మాయ. నేపాల్ నుంచి వచ్చి పన్నెండేళ్లయింది. ఇదే ఊళ్లో ఒక హోటల్లో గదులు శుభ్రం చేస్తుంది. ఇవాళ ఆమెకీ సెలవే. మూడో బండిలో ఇద్దరూ ఎక్కారు. పుణ్యవతి ముందు గాజు దగ్గరికే పోయి నిలబడింది. పెద్ద కెమెరా వేసుకున్న ఒక దొర కొంచెం జరిగి చోటిచ్చాడు. ఒకరు జరిగి తనకి చోటివ్వడం లిఫ్టులో ఆమెకి అదే మొదలు.

పైన గాలి చలిగా, నీళ్లు తాగినంత తేలిగ్గా ఉంది. ఊరంతా దీవి మీద పళ్లెంలో వడ్డించినట్టు కనబడుతోంది. చుట్టూ కొండలు, వాటి నెత్తిన ఇంకా కరగని మంచు. తెల్లాపూర్‌లో ఇరవై రెండో అంతస్తు బాల్కనీలో బట్టలారేస్తూ చూస్తే కనబడేవి క్రేన్లు, ఇంకో ఇరవై రెండంతస్తుల గోడ. ఎత్తు ఎక్కితే ఏదో ఒకటి కనబడాలని పుణ్యవతికి ఇన్నాళ్లూ తట్టనేలేదు.

రొట్టె, పల్లీల పొడి ఇద్దరూ పంచుకున్నారు. దిల్‌మాయ కారానికి ముక్కు ఎగబీలుస్తూనే రెండో రొట్టె అడిగింది.

"దిగేటప్పుడు బండి వద్దు దీదీ, మెట్ల మీద పోదాం. మా వాళ్లు కట్టిన మెట్లు అవి" అంది.

"మీ వాళ్లంటే?"

"షేర్పాలు. మా దేశం నుంచి వచ్చి ఒక్కో రాయీ పేర్చి కట్టారు. పన్నెండు వందలకి పైనే మెట్లు. వీటిని అందరూ షేర్పా మెట్లనే పిలుస్తారు."

పుణ్యవతి నోట్లో రొట్టె నోట్లోనే ఉండిపోయింది. "కట్టినోళ్ల పేరే పెట్టిన్రా?"

ఇరవయ్యేళ్ల వయసులో ఆమె పాలమూరు పల్లె నుంచి మేస్త్రీ వెంట వచ్చింది. మాదాపూర్ అప్పుడంతా గుట్టలూ బండలే. ఆ బండలు పగలగొట్టి లేపిన మొదటి పెద్ద బిల్డింగుల్లో ఒకదానికి ఆరంతస్తులదాకా నెత్తిన తట్టలో మాలు మోసింది. ఇప్పుడు హరిత ఆఫీసు అదే బిల్డింగులో. ఒకసారి హరిత ఇంట్లో మర్చిపోయిన తాళాలు ఇవ్వడానికి పోతే, కింద అద్దాల తలుపు దగ్గర ఆపి "ఎవరు నువ్వు, ఐడీ కార్డేది" అన్నారు. కట్టినదాన్ని అని చెబుదామనుకుని ఊరుకుంది.

"మా దిక్కు గిట్ల పెట్టాలంటే హైటెక్ సిటీ అంతా పేర్లు మార్చాల" అంది దిల్‌మాయతో. "పాలమూరు టవర్స్. శ్రీకాకుళం ఫ్లైఓవర్. ఒడిశావోళ్ల మెట్రో. మా సెక్యూరిటీ పరేషాన్ అయితడు, ఎవరిని ఆపాలె, ఎవరిని పంపాలె అని."

దిగుతూ ప్రతి మలుపులోనూ వంగి ఒక రాయిని చేత్తో తట్టి చూసింది, కాలితో నొక్కి చూసింది. "కదల్తలేదు. మంచిగ కూసోవెట్టిన్రు" అని మేస్త్రీలా తేల్చింది. ఎక్కేవాళ్లు ఆయాసపడుతూ దారిస్తుంటే, చీరలో బూట్లేసుకున్న ఈ పెద్దమనిషి ఏ కంపెనీ ఇన్‌స్పెక్టరో అనుకుని ఉంటారు.

దారిలో అడిగింది. "నీ సెలవు ఎన్ని దినాలు?"

"వారానికి రెండు రోజులు. ఎండాకాలంలో ఇంకో నాలుగు వారాలు, జీతంతోనే."

"ఎవల్ని అడుగుతవ్?"

"అడిగేదేముంది? కాగితంలో రాసి ఉంది." దిల్‌మాయ ఒక మెట్టు మీద ఆగి నడుము పట్టుకుంది. "ఇదేదో స్వర్గమనుకోకు దీదీ. బాత్‌రూములు ఇక్కడా బాత్‌రూములే. మొదట్లో నేనూ ఏడ్చాను. కానీ సాయంత్రం నాలుగైతే నాలుగే. తర్వాత మేనేజరైనా నాకు పని చెప్పలేడు."

*

కిందికి దిగి, మళ్లీ వంతెన దాటి, దిల్‌మాయ గదిలో టీ తాగి, రేవు దగ్గర పడవలు చూస్తూ ఇద్దరూ ఒక బెంచీ మీద కూర్చున్నారు. పుణ్యవతి బెంచీ ఏరి మరీ కూర్చుంది. సరిగ్గా ఎదురుగా వీధిదీపం స్తంభం. మాట అంటే మాటే, మొదటి మిణుకు కనబడగానే లేచి పరుగెత్తాలి. హోటల్ కూతవేటు దూరం.

కబుర్లు నడిచాయి. ఐస్‌క్రీమ్ అయింది. దిల్‌మాయ ఇంటి వీడియోలు అన్నీ చూశారు. పుణ్యవతి దీపం వైపు చూసింది. దీపం అలాగే ఉంది. ఎండ కూడా అలాగే ఉంది, పక్కకి జరిగిందే తప్ప దిగలేదు. కాళ్లేమో సాయంత్రమైందంటున్నాయి. కడుపేమో రాత్రన్నమంటోంది.

"ఇక్కడ దీపాలు జర ఆలస్యంగ వెలుగుతయా?" అనడిగింది చివరికి.

"అవును దీదీ."

"ఎప్పుడు?"

"ఆగస్టులో."

పుణ్యవతి ఐస్‌క్రీమ్ పుల్ల పట్టుకుని అలాగే చూసింది.

"ఇప్పుడు రెండు నెలలు ఇక్కడ పొద్దు గూకదు. అర్ధరాత్రి కూడా ఇంతే. ఎవరూ చెప్పలేదా?"

యశ్వంత్ కాఫీ కప్పులోకి నవ్విన నవ్వు అప్పుడు పుణ్యవతికి అర్థమైంది. మొదట భయమేసింది. టైమెంతో తెలియదు, ఫోనులో ఇంకా హైదరాబాదు టైమే ఉంది, ఆరేళ్ల పంతం ఇవాళ పోయిందేమో. తర్వాత తీరిగ్గా ఆలోచించింది. దీపం వెలగలేదు. మాట తప్పలేదు. కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. అదే సమయానికి ఫోను మోగింది.

"ఎక్కడుండావ్ పుణ్యమ్మా? ఎనిమిదవతా ఉంది!"

"ఇక్కడనే ఉన్ననమ్మా, దీపం ఎదురుంగనే కూసున్న. ఇంకా వెలగలే."

అవతల యశ్వంత్ పగలబడి నవ్వడం. "నీకు తెలుసా? పొద్దున్నే తెలుసా?" అని హరిత అతని మీద విరుచుకుపడటం. తర్వాత మళ్లీ ఫోనులో. "అట్లా కాదు పుణ్యమ్మా, ఈడ వెలగవంట!"

"అవునంట. ఆగస్టుల వెలుగుతయంట. అయితే ఆగస్టుల వస్తనమ్మా. నీ మాటే గద, నేనెప్పుడు కాదన్న?"

"చంపుతాండావ్ నన్ను. నాకు ఎనిమిదింబావుకి క్లయింట్ కాల్ ఉంది. పాప నిద్రపోవటం లేదు, పొద్దు పోలేదని ఒకటే పేచీ."

పుణ్యవతి లెక్క వేసుకుంది. లేచి పోతే ఈ రోజు కూడా మిగతా ఆదివారాల్లాగే అయిపోతుంది. పోకపోతే రేపటి మొహాలు ఎలా ఉంటాయో తెలియదు. విమానం టికెట్టు వాళ్ల చేతిలో ఉంది. ఆ సంగతి ఆమె మర్చిపోలేదు. అయినా బెంచీ మీద నుంచి లేవలేదు.

"బిడ్డను తీస్కొని నువ్వే రా తల్లీ. ఇక్కడ మంచిగున్నది. ఫోన్ల మాట్లాడుడు ఎక్కడైతే ఏంది?"

పది నిమిషాల్లో హరిత తోపుడుబండిలో పాప, చంకలో ల్యాప్‌టాప్, చెవిలో వైరుతో వచ్చింది. మొహం గంటుపెట్టుకునే వచ్చింది. కానీ ఎండలో మెరిసే నీళ్లు చూసి ఆ గంటు నిలబెట్టుకోలేకపోయింది. బెంచీ చివర కూర్చుని "ఎస్, ఎస్, ష్యూర్" అంటూ కాల్ మొదలుపెట్టింది.

పుణ్యవతి పాపని ఎత్తుకోలేదు. ఇవాళ చేతులు తనవి. ఆమని తనే బండి దిగి, తనే ఒళ్లోకి ఎక్కి, జాకెట్టు జిప్పు పట్టుకుని ఆడుకుంది. అలా ఎక్కితే అది పని కాదు, చుట్టరికం.

కాల్ ఒక గంట సాగింది. చివర్లో హరిత వైరు తీసి కళ్లు మూసుకుంది. పుణ్యవతి చూస్తూనే ఉంది.

"అమ్మా, ఇయ్యాల నీది గూడ సెలవే గద?"

"సెలవే."

"మరి నీకు దీపాలు ఎప్పుడు వెలుగుతయ్?"

హరిత కళ్లు తెరిచింది. వెలగని దీపం స్తంభం వైపు చూసింది. నవ్వేసింది. ఆ నవ్వులో కొంచెం ఏడుపు కూడా ఉంది. "నా కంపెనీకి పొద్దే గూకదు పుణ్యమ్మా."

"నీ ముచ్చట నువ్వు కంపెనీతోని తెంపుకో. నా ముచ్చట నీతోని తెంపుకుంట. ఇగ దీపాల లెక్క వద్దు. చలికాలమైతే తొందరగ వెలిగి నా గంట తింటున్నయ్. వారానికి ఒక్క దినం. పొద్దున టిఫిన్ లేదు, రాత్రి కూర లేదు. రాసియ్యి."

"రాసేదెందుకు, నా మాట మీద నమ్మకం లేదా?"

"నీ మాట మీద నమ్మకంతోనే గద ఆగస్టుదాక కూసుందమనుకున్న."

దిల్‌మాయకి తెలుగు రాదు. అయినా ఏం జరుగుతోందో పూర్తిగా అర్థమై, సంచిలోంచి పెన్ను తీసి హరితకి అందించింది. యశ్వంత్ గీసిన మ్యాపు కాగితం వెనక, బెంచీ మీద పెట్టి హరిత రాసింది. కింద సంతకం పెట్టి తేదీ వేసింది. పుణ్యవతి దాన్ని మడిచి ఖాళీ రొట్టెల డబ్బాలో పెట్టుకుంది.

*

తెల్లాపూర్ వచ్చాక మొదటి ఆదివారం పుణ్యవతి ఫోను పదకొండుసార్లు మోగింది. "నెయ్యి డబ్బా ఎక్కడ?" అని హరిత అడిగితే ఒకసారి ఎత్తి చెప్పింది. మిగతావి ఎత్తలేదు. ఆ కాగితాన్ని అప్పటికే నాలుగో బ్లాకులో పనిచేసే లక్ష్మీదేవి, ఏడో బ్లాకులో పనిచేసే వీరలక్ష్మి ఫోటో తీసుకున్నారు. అసోసియేషన్ గ్రూపులో "మెయిడ్స్‌కి కొత్త డిమాండ్లు, దీని వెనక ఎవరో ఉన్నారు" అని పెద్ద చర్చ నడుస్తోందట. వెనక ఎవరూ లేరు. ఒక బెంచీ ఉంది, అంతే.

ఆ సాయంత్రం పుణ్యవతి కూతురు శిరీషని వెంటపెట్టుకుని దుర్గం చెరువు తీగల వంతెన మీదికి వచ్చింది. ఎదురుగా చెరువు, చెరువు చుట్టూ అద్దాల బిల్డింగులు. "అది చూడు, ఆరంతస్తులదాక నేనే" అని దూరంగా చూపించింది. ఐస్‌క్రీమ్ కొనుక్కుని రెయిలింగు ఆనుకుని నిలబడ్డారు.

వంతెన తీగలకి ఒక్కసారిగా నీలం దీపాలు వెలిగాయి. కింద రోడ్డు పొడుగునా పసుప్పచ్చ దీపాలు ఒకదాని వెంట ఒకటి లేచాయి. అలవాటుకొద్దీ పుణ్యవతి ఒక కాలు ముందుకి వేసింది.

"ఏమైందే, దీపాలు వెలిగినయ్, పోదమా?" అంది శిరీష.

పుణ్యవతి కాలు వెనక్కి తీసుకుంది.

"వెలగనీ. వాటి డ్యూటీ షురువైంది. నాది కాదు."